ఉత్తరం ఎవరికి? ప్రాథమిక స్థాయిలో ఒప్పించే రచనా బోధన: ఫ్రెనే నుంచి బార్బియానా దాకా

ప్రవేశిక

భారతీయ ఆలంకారికులు ఉపదేశాన్ని మూడు విధాలుగా విభజించారు. వేదం ప్రభువులా శాసిస్తుంది. పురాణం మిత్రుడిలా నచ్చజెబుతుంది. కావ్యం కాంతలా మనసును తనవైపు తిప్పుకుంటుంది. ప్రభుసమ్మితం, సుహృత్సమ్మితం, కాంతాసమ్మితం అనే ఈ మాటలు మమ్మటుని కావ్యప్రకాశం, కాకతీయుల ఆస్థానంలో వెలసిన విద్యానాథుని ప్రతాపరుద్రీయం వంటి గ్రంథాల ద్వారా తెలుగు సాహిత్య విద్యార్థులకు చిరపరిచితం. ఈ విభజన అంతా చెప్పేవారికీ వినేవారికీ మధ్య ఉన్న సంబంధంపై ఆధారపడి ఉంది. ఆ సంబంధాన్ని బట్టే మాట తీరు మారుతుంది. ఆజ్ఞాపించే అధికారం ఉన్నవారికి ఒప్పించవలసిన అవసరం అంతగా ఉండదు. అధికారం లేనివారికి మాత్రం ఒప్పించడం తప్ప వేరే దారి లేదు.

ఇంటిలోనూ బడిలోనూ ఊరిలోనూ ఏ అధికారమూ లేని వ్యక్తి బాలుడు, బాలిక. ఆ దృష్టితో చూస్తే ఒప్పించే రచన అవసరం అందరికంటే పిల్లలకే ఎక్కువ. అయినా రచనా బోధన చరిత్రలో ఈ ప్రక్రియ చాలాకాలం పై తరగతుల సొత్తుగానే ఉండిపోయింది. చిన్న తరగతులకు చేరినప్పుడు కూడా అది చదివేవారు లేని వ్యాసంగానే చేరింది. ఉపాధ్యాయుడు దిద్దడానికి, పరీక్షకుడు మార్కులు వేయడానికి రాసిన వ్యాసం ఎవరినీ ఒప్పించనక్కర లేదు.

20వ శతాబ్దంలో ఫ్రాన్స్, ఇటలీ దేశాల పల్లెటూరి బడులలో ఈ స్థితి మారింది. అచ్చు అక్షరాలు కూర్చడం, గోడపత్రిక నడపడం, దూరపు బడికి ఉత్తరాలు పంపడం, చీటీలు పేర్చి ఒక లేఖను నిర్మించడం వంటి చేతిపనుల ద్వారా పిల్లలు తమ మాటను ఇతరుల చేత ఒప్పించుకోవడం నేర్చుకున్నారు. సెలెస్తాన్ ఫ్రెనే (1896–1966), మారియో లోది (1922–2014), లొరెంజో మిలాని (1923–1967) అనే ముగ్గురు ఉపాధ్యాయుల కృషిని ఒక పరంపరగా పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. ఆ బడులలో చేతిపని రచనకు అలంకారంగా రాలేదని, కాదనగల పాఠకుడిని పిల్లల ఎదుటికి తెచ్చే సాధనంగా వచ్చిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. తెలుగు పాఠ్యపుస్తకాలలో ప్రాజెక్టు పనులకు స్థానం లభించిన నేపథ్యంలో ఈ చరిత్ర మనకూ అవసరమైనదే.

కల్పిత శ్రోత: ప్రాచీన అభ్యాసాలు

ఒప్పించే కళను క్రమపద్ధతిలో బోధించడం గ్రీకు, రోమన్ పాఠశాలలలో ప్రధాన విద్య. క్రీ.శ. 4వ శతాబ్దికి చెందిన అఫ్తోనియస్ కూర్చిన రచనాభ్యాసాలు 14. నీతికథతో మొదలై, వర్ణన, పోలిక, వాదన మీదుగా, ఒక చట్టాన్ని సమర్థించడం లేదా ఖండించడంతో ఇవి ముగుస్తాయి. లాటిన్ అనువాదాల ద్వారా ఈ క్రమం ఐరోపా పాఠశాలలలో 17వ శతాబ్దం దాకా కొనసాగింది. సులభం నుంచి కఠినానికి పోయే మెట్లు ఇందులో స్పష్టంగా కనిపిస్తాయి. అయితే విద్యార్థి ఎవరిని ఒప్పిస్తున్నాడన్న విషయంలో మాత్రం ఈ అభ్యాసాలు కల్పనను ఆశ్రయించాయి. రోమన్ విద్యార్థులు చారిత్రక పురుషులకు సలహా చెప్పే ప్రసంగాలు రాసేవారు. అలెగ్జాండరు మహాసముద్రంలోకి నౌకలు నడపాలా వద్దా అన్నది అటువంటి ఒక ప్రసిద్ధ ప్రశ్న. విద్యార్థి ఎంత గొప్పగా వాదించినా అలెగ్జాండరు జవాబివ్వడు.

క్రీ.శ. మొదటి శతాబ్దం చివరలో క్వింటిలియన్ తన 12 భాగాల వక్తృత్వ విద్యాగ్రంథంలో ఈ లోపాన్ని గుర్తించాడు. బడి ప్రసంగాలు న్యాయస్థానాల వాస్తవానికి దూరమై విచిత్ర కల్పనలలో పడిపోతున్నాయని అతని ఆక్షేపణ. అదే గ్రంథంలో చిన్నపిల్లలకు అక్షరాలు నేర్పే విధానం గురించి కూడా రాశాడు. దంతంతో చేసిన అక్షరాల బొమ్మలను ఆటవస్తువులుగా ఇవ్వడాన్ని మెచ్చుకున్నాడు. పలకపై చెక్కిన గాడుల వెంట కలం నడిపించి రాత అలవాటు చేయమన్నాడు. అంటే చేతితో తాకి నేర్చుకోవడం ప్రాచీనులకు తెలియని విషయం కాదు. కాకపోతే అది అక్షరాభ్యాసంతోనే ఆగిపోయింది. అక్షరం నేర్చేటప్పుడు పిల్లల చేతిలో వస్తువు ఉంది. వాదన నేర్చే వేళకు ఆ వస్తువు పోయింది, ఎదురుగా మనిషి కూడా లేడు.

ఆధునిక యుగంలో అమెరికా విద్యావేత్త విలియం కిల్‌పాట్రిక్ 1918లో ప్రాజెక్టు పద్ధతిని ప్రతిపాదించాడు. పిల్లలు మనస్ఫూర్తిగా, ఒక ఉద్దేశంతో చేపట్టే పనియే విద్యకు కేంద్రం కావాలన్నది దాని సారాంశం. మన దేశంలో 1937లో వార్ధా సమావేశం తర్వాత జాకిర్ హుస్సేన్ సంఘం రూపొందించిన ప్రణాళిక చేతివృత్తిని విద్యకు మూలస్థానంలో నిలిపింది. నూలు వడకడం ద్వారా గణితం, భూగోళం, భాష నేర్పాలన్నది ఆ ఆలోచన. ఈ రెండు ధోరణులలోనూ పనికీ చదువుకూ లంకె ఉంది. అయితే నూలు వడికిన పిల్లల చేతికి వచ్చే ఫలం నూలు. ఆ ఫలమే ఒక మాటై, మరొకరి చేతికి చేరి, వారి నుంచి జవాబును రాబట్టగలగడం ఫ్రెనే బడిలో కనిపించే ప్రత్యేకత.

బార్-స్యుర్-లూ బడిలో అచ్చుయంత్రం

ఫ్రెనే దక్షిణ ఫ్రాన్స్ కొండప్రాంతంలోని గార్ అనే చిన్న ఊరిలో పుట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో 1917లో తూటా తగిలి అతని ఊపిరితిత్తి దెబ్బతిన్నది. 1920లో బార్-స్యుర్-లూ గ్రామంలోని ప్రాథమిక బడిలో ఉపాధ్యాయుడిగా చేరేనాటికి గంటల తరబడి గొంతెత్తి పాఠం చెప్పే శక్తి అతనికి లేదు. ఉపాధ్యాయుడు మాట్లాడుతూ ఉంటే పిల్లలు వినే బడి అతనికి శారీరకంగానే సాధ్యం కాలేదు. పిల్లలను వెంటబెట్టుకుని ఊరిలోకి, పొలాలలోకి, పనివారి కొట్లలోకి తీసుకుపోయేవాడు. తిరిగివచ్చాక చూసినదాన్ని పిల్లలు చెబితే నల్లబల్లపై రాసేవాడు. సజీవమైన ఆ రాత మరుసటి గంటలో చెరిగిపోవడం, దాని స్థానంలో ఎక్కడో తయారైన వాచకం రావడం అతన్ని కలచివేసింది.

1924–25 ప్రాంతంలో అతను ఒక చిన్న చేతి అచ్చుయంత్రాన్ని తరగతిలోకి తెచ్చాడు. అప్పటి నుంచి ఆ బడిలో రచన ఒక క్రమంలో సాగింది. ఎవరికి తోచిన విషయంపై వారు రాస్తారు. రాసినదాన్ని తరగతికి చదివి వినిపిస్తారు. ఏ రచనను అచ్చు వేయాలో పిల్లలు ఓటు వేసి నిర్ణయిస్తారు. ఎంపికైన రచనను నల్లబల్లపై రాసి, రాసిన పిల్లవాడి సమ్మతితో అందరూ కలిసి మెరుగుపరుస్తారు. తర్వాత గళ్ల పెట్టెలోని సీసపు అక్షరాలను ఒక్కొక్కటిగా ఏరి, పంక్తులుగా కూర్చి, సిరా పూసి, అచ్చు తీస్తారు. లినోలియం పలకపై బొమ్మ చెక్కి పక్కన చేరుస్తారు. ఆ పుటలన్నీ కలిసి తరగతి పుస్తకమవుతాయి. అవే దూరపు బడికి పంపే పత్రిక కూడా అవుతాయి.

ఈ క్రమంలోని ప్రతి మెట్టులోనూ ఒక ఒప్పింపు ఉంది. తన రచనను చదివి వినిపించే పిల్లవాడు తోటివారి ఓటు గెలవాలి. నల్లబల్ల దగ్గర ఒక వాక్యాన్ని మార్చమని కోరేవారు ఎందుకు మార్చాలో చెప్పాలి. వద్దనేవారు ఎందుకు వద్దో చెప్పాలి. సీసపు అక్షరాలు కూర్చేటప్పుడు మాట బరువు వేళ్లకే తెలుస్తుంది. అచ్చులో అక్షరాలు అద్దంలో ప్రతిబింబంలా తిరగబడి ఉంటాయి. కనుక ఒక్కో అక్షరాన్ని చూసి, పోల్చి, పెట్టాలి. కలంతో అయితే ఒక విశేషణాన్ని అదనంగా రాయడానికి క్షణం చాలు. సీసంతో అదే విశేషణానికి ఎనిమిదో పదో అక్షరాలు వెతకాలి. అనవసరమైన మాట రాయవద్దని వ్యాకరణ పుస్తకం చెప్పగలిగినదానికంటే ఈ శ్రమ గట్టిగా చెబుతుంది.

బ్రిటనీ తీరంలోని త్రెగన్ గ్రామంలో రెనె దానియెల్ అనే ఉపాధ్యాయుడి తరగతితో ఫ్రెనే తరగతి ఉత్తరాలు మొదలుపెట్టింది. ఒకరిది నారింజ పూల, ఆలివు తోటల కొండసీమ. ఇంకొకరిది చేపల వేట సాగే సముద్రతీరం. తమ ఊరిలో అందరికీ తెలిసినదాన్ని అసలు తెలియనివారికి చెప్పవలసి వచ్చినప్పుడు పిల్లలకు పాఠకుడు అనేవాడొకడు ఉన్నాడని మొదటిసారి తెలిసింది. ఎదుటివారికి ఏమి తెలుసో, ఏమి తెలియదో లెక్కవేసుకోవడం ఒప్పించే రచనకు పునాది. అస్పష్టంగా రాస్తే అవతలి పిల్లలు తిరిగి ప్రశ్నిస్తారు. ఎర్రసిరా దిద్దుబాటుకూ ఈ ప్రశ్నకూ చాలా తేడా ఉంది. దిద్దుబాటు తప్పును చూపి ఊరుకుంటుంది. ప్రశ్నకు జవాబు రాయక తప్పదు.

గోడమీది నాలుగు గడులు

ఫ్రెనే పద్ధతిలో ఒప్పించే రచనకు అత్యంత సన్నిహితమైనది గోడపత్రిక. ప్రతి వారం ఆరంభంలో తరగతి గోడకు ఒక పెద్ద కాగితం తగిలిస్తారు. దానిపై విమర్శ, అభినందన, కోరిక, చేసిన పని అనే అర్థాలిచ్చే శీర్షికలతో గడులు ఉంటాయి. వారమంతా పిల్లలు తమకు తోచినది అందులో రాస్తారు. రాసినవారు సంతకం చేయాలి. ఒకరు రాసినదాన్ని మరొకరు చెరపరాదు. వారాంతంలో తరగతి సహకార సంఘం సమావేశమై ఆ కాగితాన్ని చదువుతుంది. విమర్శకు గురైనవారు తమ సమాధానం చెప్పుకుంటారు. కోరికలపై చర్చించి నిర్ణయం చేస్తారు.

దీని స్వరూపాన్ని జాగ్రత్తగా గమనిస్తే వాదనా శాస్త్రంలోని మూలసూత్రాలు ఇందులో ఇమిడి ఉన్నాయని తెలుస్తుంది. ఆరోపణ వేరు, ప్రతిపాదన వేరు అని గడులే చెబుతాయి. సంతకం వల్ల మాటకు బాధ్యత ఏర్పడుతుంది. సమావేశం దాకా ఆగవలసి రావడం వల్ల కోపానికీ వాదనకూ మధ్య కొంత కాలం గడుస్తుంది. సోమవారం కోపంతో రాసిన ఫిర్యాదును శనివారం అందరి ముందు నిలబెట్టుకోవాలంటే దానికి కారణం ఉండాలి. చేసిన పనికి ఒక గడి ఉండడం వల్ల, అడిగేవాడు తాను ఏమి చేశాడో కూడా చూపవలసి వస్తుంది. ఏడెనిమిదేళ్ల పిల్లలకు వాదన, ప్రమాణం, ప్రతివాదం అనే పారిభాషిక పదాలు నేర్పకుండానే ఒక కాగితం ఆ పని చేసిపెట్టింది.

పియాదెనా నుంచి బార్బియానాకు

ఫ్రెనే పద్ధతి 1951లో ఇటలీలో ఒక ఉపాధ్యాయ సహకార సంఘానికి ప్రేరణ అయింది. బడిలో అచ్చుపనిని వ్యాప్తి చేయడమే దాని తొలి ఉద్దేశం. ఆ ఉద్యమంలో ప్రముఖుడు మారియో లోది. ఉత్తర ఇటలీ మైదానంలోని పియాదెనా ప్రాంతంలో ప్రాథమిక తరగతులకు బోధించిన లోది, పిల్లలతో పత్రికలు వేయించాడు. వారితో కలిసి కథలు అల్లాడు. 1970లో వెలువడిన గ్రంథంలో తన తరగతి అనుభవాలను పొందుపరిచాడు.

అదే కాలంలో ఫ్లోరెన్సుకు ఉత్తరాన, ముజెల్లో కొండలలోని బార్బియానా అనే కుగ్రామంలో మరొక రకం బడి నడుస్తోంది. 1954 డిసెంబరులో అక్కడికి చర్చి గురువుగా వచ్చిన లొరెంజో మిలాని, ప్రభుత్వ బడిలో తప్పి మానుకున్న రైతుల పిల్లలకు చదువు చెప్పడం మొదలుపెట్టాడు. సెలవులు లేవు. పొద్దున మొదలైన బడి చీకటిపడేదాకా సాగేది. పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చెప్పేవారు. భాషపై పట్టు లేకపోవడమే పేదవారి అసలైన పేదరికమని మిలాని నమ్మకం. తన మాట చెప్పగలిగి, ఇతరుల మాట గ్రహించగలిగినప్పుడే మనుషుల మధ్య సమానత్వం ఏర్పడుతుందన్నది అతని బోధనకు మూలాధారం.

1963లో లోది బార్బియానాను సందర్శించాడు. తన ప్రాథమిక తరగతి పిల్లలకూ బార్బియానా పిల్లలకూ మధ్య ఉత్తరాలు సాగాలని అనుకున్నారు. పియాదెనా పిల్లల ఉత్తరానికి బార్బియానా జవాబు వెంటనే రాలేదు. ఆ ఉత్తరాన్ని ఒక రచనా పాఠంగా మలచుకునేందుకు మిలాని పూనుకున్నాడు. పిల్లలందరూ కలిసి ఒక్క లేఖను నిర్మించే విధానాన్ని ప్రయత్నించి, ఆ క్రమాన్ని లోదికి వివరిస్తూ 1963 నవంబరులో ఉత్తరం రాశాడు. అచ్చుయంత్రం చుట్టూ పెరిగిన ఫ్రెనే సంప్రదాయమూ కొండమీది బడి కాఠిన్యమూ ఈ విధంగా ఒక ఉత్తరంలో కలిశాయి. బార్బియానా పిల్లలు వయసులో పెద్దవారు. అయినా వారికి ఆ రచనా పద్ధతిని కనుగొనే సందర్భాన్ని కల్పించినది ప్రాథమిక తరగతి పిల్లల ఉత్తరమే.

చీటీలతో కట్టిన వాదన

ఈ పద్ధతికి పరిణత రూపం 1967 మే నెలలో వెలువడింది. బార్బియానా బడి పేరుతో ప్రచురితమైన ఆ గ్రంథం, తమలో ఇద్దరిని పరీక్షలో తప్పించిన ఒక ఉపాధ్యాయినిని సంబోధిస్తూ ఎనిమిది మంది పిల్లలు రాసిన దీర్ఘలేఖ. ఒక్క బాలుడి గొంతుతో సాగే ఆ లేఖకు దాదాపు ఏడాది పట్టింది. దాని నిర్మాణ క్రమాన్ని పిల్లలే అందులో వివరించారు.

ప్రతివారి జేబులో ఒక చిన్న పుస్తకం ఉంటుంది. తోచిన ఆలోచనను వెంటనే అందులో రాసుకుంటారు. తర్వాత ఒక్కో ఆలోచనను ఒక్కో చీటీపై, ఒక వైపు మాత్రమే రాస్తారు. ఒకనాడు చీటీలన్నింటినీ పెద్ద బల్లపై పరుస్తారు. ఒకే మాట చెప్పే చీటీలలో ఒకదాన్ని ఉంచి తక్కినవి తీసేస్తారు. ఒకదానికొకటి దగ్గరైన చీటీలను కుప్పలుగా పెడతారు. ఆ కుప్పలు అధ్యాయాలవుతాయి. ప్రతి కుప్పను మళ్లీ చిన్న కుప్పలుగా విడదీస్తే అవి పేరాలవుతాయి. పేరు పెట్టడానికి వీలుకాని కుప్పలో ఒకటికంటే ఎక్కువ విషయాలు ఉన్నాయని, లేదా అసలు విషయమే లేదని తేలిపోతుంది. వరుస కుదిరాక రాత మొదలవుతుంది. రాసిన తర్వాత పోటీ పెట్టుకుని అదనపు మాటలు, కష్టమైన మాటలు, పొడుగైన వాక్యాలు తగ్గిస్తారు. చివరకు బయటివారిని ఒక్కొక్కరినే పిలిచి చదివిస్తారు. ఎక్కువ చదువుకోనివారైతే మేలు. తాము చెప్పదలచుకున్నదే వారికి అర్థమైందో లేదో చూసుకుంటారు. స్పష్టత కోసం వారిచ్చే సలహా తీసుకుంటారు. భయంతో మెత్తబరచమనే సలహాను మాత్రం పక్కన పెడతారు.

అఫ్తోనియస్ విద్యార్థి కంఠస్థం చేసిన క్రమాన్ని బార్బియానా పిల్లలు చేతులతో బల్లమీద కనుగొన్నారు. తర్కం చూపుకు అందని వస్తువు. చీటీ దానికి ఆకారం ఇచ్చింది. కారణం ఫలితం కంటే ముందు రావాలా తర్వాత రావాలా అన్న ప్రశ్న, ఈ చీటీని అక్కడ పెట్టాలా ఇక్కడ పెట్టాలా అన్న ప్రశ్నగా మారింది. తాను ప్రేమించిన వాక్యాన్ని కొట్టివేయడం రచయితకు కష్టం. అందరూ కలిసి పేర్చిన కుప్పలోంచి ఒక చీటీని తీసివేయడం అంత కష్టం కాదు.

ప్రమాణ సేకరణ కూడా చేతిపనిగానే సాగింది. ఏ తరగతిలో ఎందరు తప్పారు, తప్పినవారి తల్లిదండ్రుల వృత్తులేమిటి, బడి మానినవారు ఎక్కడికి పోయారు అనే అంకెలను పిల్లలు సేకరించి, పట్టికలుగా, బొమ్మలుగా గీశారు. ఏటేటా తన ముందు నిండుగానే కనిపించే తరగతిని చూసే ఉపాధ్యాయినికి, మధ్యలో రాలిపోయిన పిల్లలు కనిపించరని ఆ బొమ్మలు చూపాయి. రాలిపోయినవారిలో అత్యధికులు రైతుల, కూలీల బిడ్డలు. లేఖ నిందతో ఆగలేదు. పిల్లలను తప్పించవద్దని, వెనుకబడినట్టు కనిపించేవారికి పూర్తికాలపు బడి కావాలని, చదువుపై ఆసక్తి లేనివారికి ఒక లక్ష్యం చూపాలని మూడు ప్రతిపాదనలు చేసింది. గోడపత్రికలో విడివిడిగా ఉన్న విమర్శ, కోరిక అనే గడులు ఇక్కడ ఒక గ్రంథమంత విస్తరించాయి.

మిలాని ఆ గ్రంథం వెలువడిన కొద్ది వారాలకు, 1967 జూన్ 26న మరణించాడు. లేఖ అనేక భాషలలోకి వెళ్లింది. ఇటలీలో ప్రాథమిక బడులకు పూర్తికాల విధానాన్ని అనుమతించే చట్టం 1971లో వచ్చింది. ఆ చట్టానికి కార్మిక సంఘాల, ఉపాధ్యాయ సంఘాల ఒత్తిడి కూడా కారణమే కనుక దాన్ని ఒక్క లేఖ ఫలితంగా భావించరాదు. అయితే ఆ కాలపు విద్యా చర్చను మార్చిన రచనలలో ఈ లేఖ ముఖ్యమైనదనడంలో సందేహం లేదు.

ఈ పద్ధతి పరిమితులను కూడా పేర్కొనాలి. ఎనిమిది గొంతులు ఒకటైనప్పుడు ఒక్కొక్కరి వాక్యపు తీరు కనుమరుగవుతుంది. ఆ వాక్యాలలో గురువు పాలెంత, పిల్లల పాలెంత అన్న చర్చ విమర్శకులలో ఉంది. ఏడాది పొడవునా ఒకే రచనపై కూర్చోగల తీరిక సాధారణ బడికి లేదు. ఎదుటిపక్షానికి న్యాయం చేయడం మంచి వాదన లక్షణమైతే, ఆ ఉపాధ్యాయిని పట్ల లేఖ ఎంత న్యాయంగా ఉందన్నదీ అడగవలసిన ప్రశ్నే.

నిజమైన పాఠకుడి వెల

నిజమైన పాఠకుడు జవాబివ్వగలడు. కోపగించుకోగలడు కూడా. ఫ్రెనే జీవితంలో ఇది తీవ్రంగా రుజువైంది. 1928లో సేన్-పోల్-ద-వాన్స్ బడికి మారిన తర్వాత, అక్కడి పిల్లల రచనలలో ఒక కల అచ్చయింది. బడి సామగ్రి ఉచితంగా ఇవ్వని ఊరి మేయరుపై తరగతి అంతా తిరగబడినట్టు, ఆ కలహంలో మేయరు హతుడైనట్టు ఒక పిల్లవాడు కలగన్నాడు. 1932 చివరలో ఆ రచనను ఆధారంగా చేసుకుని ఊరిలో ఫ్రెనేకు వ్యతిరేకంగా గోడప్రకటనలు వెలిశాయి. మితవాద పత్రికలు ప్రచారం అందుకున్నాయి. 1933 ఏప్రిల్‌లో ఒక గుంపు బడిని చుట్టుముట్టింది. చివరకు ఫ్రెనే ప్రభుత్వ బడిని విడిచి, 1935లో వాన్స్‌లో స్వంత బడి తెరవవలసి వచ్చింది. మిలాని కూడా 1965లో, యుద్ధసేవను నిరాకరించేవారిని సమర్థిస్తూ రాసిన బహిరంగ లేఖ కారణంగా న్యాయస్థానంలో అభియోగాన్ని ఎదుర్కొన్నాడు.

నల్లబల్లపై చెరిగిపోయే కల ఎవరికీ అపాయకరం కాదు. అచ్చయి గుమ్మం దాటిన కల మాత్రం రాజకీయ పత్రంగా చదవబడింది. విద్యావ్యవస్థలు తర్వాతి కాలంలో ఈ పద్ధతులను స్వీకరించిన తీరుకు ఇది కొంతవరకు కారణం కావచ్చు. చేతిపనిని తీసుకోవడం సులభం. అట్టముక్కలు, రంగులు, బొమ్మలు ఎవరినీ ఇబ్బంది పెట్టవు. ఇబ్బంది పెట్టేది చిరునామా. అందువల్ల ప్రాజెక్టు మిగిలి, పాఠకుడు తప్పుకున్నాడు.

తెలుగు బడి ముందున్న ప్రశ్న

తెలుగు నేలపై రచనా బోధన గురించిన పెద్ద చర్చ 20వ శతాబ్దపు తొలి దశకాలలో జరిగింది. గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు, విద్యాశాఖాధికారి జె. ఎ. యేట్స్, పి. టి. శ్రీనివాస అయ్యంగార్ ప్రభృతులు లేవనెత్తిన వ్యావహారిక భాషా వివాదానికి ఒక ముఖ్య రంగం విద్యార్థుల వ్యాసరచనే. మద్రాసు విశ్వవిద్యాలయపు తెలుగు వ్యాసరచన ఉపసంఘంలో సభ్యుడైన గురజాడ 1914లో సమర్పించిన అసమ్మతి పత్రం ఈ చరిత్రలో ప్రసిద్ధమైనది. తాను మాట్లాడని భాషలో రాయవలసి వచ్చిన విద్యార్థి శక్తి అంతా రూపాలు సరిచూసుకోవడంలోనే ఖర్చవుతుంది. ఒప్పించే రచన దృష్టితో చూస్తే ఆ వివాదం ఒక ముందస్తు షరతుకు సంబంధించినది. తన భాష కాని భాషలో ఎవరూ మనస్ఫూర్తిగా వాదించలేరు. ఆ షరతు క్రమంగా నెరవేరింది. ఏ భాషలో రాయాలన్నది తేలింది. ఎవరికి రాయాలన్నది మిగిలింది.

ఒప్పించే మాటకు తెలుగు సాహిత్యంలో కొరత లేదు. తిక్కన ఉద్యోగపర్వంలోని రాయబార ఘట్టాలు అందుకు ఉజ్జ్వల నిదర్శనాలు. వినేవాడు దుర్యోధనుడా, ధర్మరాజా అన్నదాన్ని బట్టి మాట బరువు ఎలా మారుతుందో అక్కడ చూడవచ్చు. కానీ వీటిని విద్యార్థి ప్రతిపదార్థ తాత్పర్యాలతో చదువుతాడే తప్ప, తానొక రాయబారం నడపడం నేర్చుకోడు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011 రాష్ట్ర విద్యాప్రణాళిక పరిధిపత్రం అనంతరం వచ్చిన తెలుగు వాచకాలు ఈ దిశలో గుర్తింపదగిన మార్పు తెచ్చాయి. పాఠం చివర స్వీయరచన, సృజనాత్మకత, ప్రశంస, ప్రాజెక్టు పని వంటి విభాగాలు చేరాయి. కరపత్రం తయారుచేయడం, నినాదాలు రాయడం, లేఖ రాయడం వంటి అభ్యాసాలు వచ్చాయి. ఇవన్నీ ఒప్పించే రచనలే. అయితే నీటి పొదుపుపై తయారైన కరపత్రం గ్రామంలో ఒక్క గడపకైనా చేరకుండా, నోటుపుస్తకంలోనే మార్కులు పొందితే అది రోమన్ విద్యార్థి అలెగ్జాండరుకు చెప్పిన సలహాకు భిన్నం కాదు.

ఇందుకు కొత్త వ్యవస్థ ఏదీ అవసరం లేదు. 2009 విద్యాహక్కు చట్టం 21వ విభాగం ప్రకారం బడిలో యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు. గ్రామ పంచాయతీ ఉంది. పక్క మండలంలో మరొక బడి ఉంది. నాలుగో తరగతి పిల్లలు బడిలోని మంచినీటి కుళాయి గురించి రాయదలిస్తే, ఎన్ని రోజులు నీరు రాలేదో గోడపై ఒక కాగితంలో లెక్క వేయవచ్చు. కారణాలను చీటీలపై రాసి నేలమీద పేర్చవచ్చు. తాము ఏమి చేయగలరో, కమిటీ ఏమి చేయాలో వేర్వేరు కుప్పలు పెట్టవచ్చు. రాసిన లేఖను బడిలో వంట చేసే ఆమెకు చదివి వినిపించి, ఆమెకు అర్థమైందో లేదో చూడవచ్చు. ఆ తర్వాత సంతకాలు చేసి కమిటీకి ఇవ్వవచ్చు. కమిటీ నుంచి వచ్చే జవాబు, అది నిరాకరణే అయినా, తర్వాతి పాఠానికి వస్తువవుతుంది. పిల్లల మాటకు గుమ్మం దాటే అవకాశం ఇచ్చే ఉపాధ్యాయుడికి అండగా నిలవడం పర్యవేక్షకుల బాధ్యత. సేన్-పోల్ చరిత్ర చెప్పే పాఠాలలో అదొకటి.

ముగింపు

ఫ్రెనే అచ్చుయంత్రం, గోడపత్రిక, పియాదెనా పిల్లల ఉత్తరం, బార్బియానా చీటీలు వేర్వేరు వస్తువులు. వీటిని కలిపే సూత్రాలు మూడు. రచనకు నిజమైన చిరునామా ఉంది. వాదనలోని భాగాలు చేతితో కదపగల వస్తువులయ్యాయి. రచనకు జవాబు వచ్చే వీలుంది. ఈ మూడింటిలో రెండోదాన్ని మాత్రమే తీసుకుంటే మిగిలేది హస్తకళ. మొదటిదీ మూడోదీ తోడైనప్పుడే అది ఒప్పించే రచన అవుతుంది.

అధికారం ఉన్నవారి మాట శాసనంగా చెల్లుతుంది. అది లేనివారు మిత్రుడిలా నచ్చజెప్పడం నేర్చుకోవాలి. ఆ నేర్పు పిల్లలకు అందకపోతే వారికి మిగిలేవి మౌనం, మొండితనం అనే రెండే దారులు. బార్బియానాలో పరీక్ష తప్పిన పిల్లలు ఈ రెండు దారులనూ కాదని ఉత్తరం రాశారు. సుహృత్సమ్మితమైన మాట రాయడానికి ముందు ఎదుట ఒక మనిషి ఉండాలి. ఆ మనిషిని తరగతి గదిలోకి తేవడమే రచనోపాధ్యాయుడి మొదటి పని.